ఊదితే గంట చెప్పే పువ్వు

బ్రిటన్ నుంచి తెనాలి తిరిగొచ్చి వారం దాటింది. సూట్‌కేసులు ఇంకా ముందు గదిలోనే ఉన్నాయి. నిన్న శాలువా దులుపుతుంటే మడతలోంచి తెల్లటి పింజ ఒకటి లేచింది. ఫ్యాను గాలికి రెండు చుట్లు తిరిగి టీవీ మీద వాలింది. మా ఆయన పేపరు దించి, "నీ పువ్వు వీసా లేకుండానే వచ్చేసిందే" అన్నారు. ఇక బద్ధకించకుండా రాద్దామని కూర్చున్నాను.

లండన్ వంతెనలూ కోటలూ మేమూ చూశాం. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వాటి జోలికి పోను. నేను రాసేది అక్కడ ప్రతి పచ్చికలోనూ కాళ్ళ కింద పడి ఉండే డాండెలైయన్ అనే ఒక కలుపు మొక్క గురించి. అది కూడా పువ్వు గురించి కాదు, పువ్వు అయిపోయాక మిగిలే బూరు బంతి గురించి.

మే 3, శనివారం. బర్మింగ్‌హామ్

అమ్మాయి వాళ్ళింటికి నడక దూరంలో కానన్ హిల్ పార్కు ఉంది. 2025 వసంతకాలంలో అక్కడ ఎండలు బాగా కాశాయి. పార్కు నిండా జనం. పిల్లలకు చొక్కాలు కూడా లేవు. మేమిద్దరం మాత్రం స్వెటర్లతో బెంచీ మీద కూర్చున్నాం.

గడ్డిలో ఎక్కడ చూసినా పసుపు పూలు, వాటి మధ్య కాడల మీద నిలబడిన తెల్లటి బంతులు. ఆరేళ్ళ మనవరాలు ఒక బంతి తుంచుకొచ్చింది. కాడ తెగిన చోట పాలు కారుతున్నాయి. నాకు గుండె గుభేలుమంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని కదా, దాని చెయ్యి లాగేశాను. "అమ్మా, అది జిల్లేడు కాదు, డాండెలైయన్. ఏం కాదులే" అంది అమ్మాయి. పిల్లకి కోపం వచ్చింది. దూరంగా పోయి ఇంకోటి తుంచుకుని, బుగ్గలు పూరించి ఊదడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపుకీ ఒక్కో లెక్క: వన్ ఓ క్లాక్, టూ ఓ క్లాక్... నాలుగో ఊపుకి బంతి ఖాళీ అయింది.

"అమ్మమ్మా, నాలుగైంది!"

ఫోనులో చూస్తే 6:20. ఎండ చూస్తే మాత్రం పిల్ల చెప్పిందే నిజమనిపించింది.

దీన్ని వాళ్ళు 'డాండెలైయన్ క్లాక్' అంటారట. డాండెలైయన్ అనేది మొక్క పేరు. ఆకు అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి కాబట్టి ఫ్రెంచివాళ్ళు సింహపు పన్ను అన్నారు, ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను అలాగే తెచ్చుకుని నలగ్గొట్టుకున్నారు. కానీ బంతి వేరు. దానికి గడియారం అని పేరు పెట్టింది మాత్రం ఆడుకునే పిల్లలే అయ్యుండాలి.

పక్క బెంచీ మీద కుక్కతో కూర్చున్న పెద్దావిడ మా గొడవ చూసి నవ్వుతోంది. ఆవిడ చిన్నప్పుడు ఆట ఇంకోలా ఉండేదట. "ఒక్క ఊపులో అన్నీ ఎగిరిపోతే, అమ్మ పిలవట్లేదని అర్థం. ఇంకాసేపు ఆడుకోవచ్చు. ఏమైనా మిగిలితే ఇంటికి పోవాల్సిందే." మీ ఊపిరి ఎలా ఉండేదని అడిగాను. "ఎప్పుడూ సరిపోయేదే" అంది కన్ను గీటి. వాళ్ళ నాయనమ్మ క్లాక్ అనేది కాదట, 'బ్లోబాల్' అనేదట. ఊదుడు బంతి అన్నమాట.

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన ప్రాణం. ఒక వస్తువుకి రెండో పేరు వినగానే మూడోది ఉండే ఉంటుందనిపిస్తుంది. ఆ రోజే మనవరాలి గీతల పుస్తకంలోంచి నాలుగు కాగితాలు చింపి బ్యాగులో పెట్టుకున్నాను.

మే 5, సోమవారం. స్ట్రాట్‌ఫర్డ్

ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు. షేక్‌స్పియర్ పుట్టింటి ముందు మన కోటప్పకొండ తిరునాళ్ళే. ఆ ఇంటి తోటలో రవీంద్రనాథ్ టాగూర్ విగ్రహం ఉంది. మా ఆయన దాని పక్కన నిలబడి చుట్టాన్ని కలిసినంత సంబరంగా ఫోటో దిగారు. తర్వాత టీ తాగుదామని ఒక చోట కూర్చున్నాం. ఇద్దరికీ టీ, చెరో స్కోన్ అనే చిన్న రొట్టె, పైన మీగడ, జామ్. బిల్లు 14 పౌండ్ల 60 పెన్నీలు. పౌండు 113 రూపాయల దగ్గర ఉంది. లెక్క వెయ్యొద్దని అమ్మాయి ముందే చెప్పింది, మా ఆయన బ్యాంకులో పనిచేసిన మనిషి, వెయ్యకుండా ఎలా ఉంటారు? మీగడ మాత్రం మా అమ్మ చిలికే ముందు తీసిపెట్టిన మీగడలా చిక్కగా ఉంది. ఆ ఒక్క విషయంలో నాకు డబ్బుల బాధ లేదు.

షేక్‌స్పియర్ అత్తగారిల్లు షాటరీ అనే పల్లెలో ఉంది. ఊళ్ళోంచి మైలు నడక, పొలాల మధ్య కాలిబాట, బాణం గుర్తులు కూడా ఉన్నాయి. అన్నీ ఉన్నా దారి తప్పాం. "ఎడమకే" అని నేను, "బోర్డు కుడికి చూపిస్తోంది" అని ఆయన. నా మాటే నెగ్గింది. పావుగంట తర్వాత ఒకేలాంటి ఇళ్ళున్న కాలనీలో తేలాం.

అక్కడ ఒకాయన తన ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చివర చీలిన పొడుగాటి కత్తితో పచ్చికలోంచి ఏవో పీకుతున్నాడు. చూస్తే మన పువ్వే. ఒక్కో వేరూ పిల్ల ముల్లంగంత ఉంది. "ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది" అని విసుక్కున్నాడు. మనం తుంగ గురించి అనే మాటే. దారి చెప్పాడు. అంతటితో వెళ్ళిపోతే మర్యాదగా ఉండేది. నేను కాగితం తీసి, ఈ బూరు బంతిని మీ వైపు ఏమంటారని అడిగాను. ఆయన కత్తి పక్కన పెట్టేశాడు.

అక్కడి మాట ఏమిటంటే, వార్విక్‌షైర్ పల్లెల్లో పూర్వం పసుపు పువ్వుని 'బంగారు కుర్రాడు' అనీ, బూరు బంతిని 'చిమ్నీ ఊడ్చేవాడు' అనీ పిలిచేవారట. పొగగొట్టాలు దులిపే గుండ్రటి కుంచెలా ఉంటుందని. షేక్‌స్పియర్ 'సింబలీన్' నాటకంలో చావు గురించిన పాట ఒకటి ఉంది. బంగారంలాంటి కుర్రాళ్ళూ అమ్మాయిలూ కూడా చిమ్నీ ఊడ్చేవాళ్ళలాగే చివరికి ధూళి కావలసిందే అంటుంది. అక్కడ ఆయన చెప్పింది మనుషుల గురించే కాదు, మా పచ్చికలో పువ్వు గురించి కూడా అని ఆ పెద్దమనిషి ధీమా. చెబుతూనే చేతిలో ఉన్న బంతిని ఊదబోయి, అది తన పచ్చికేనని గుర్తొచ్చి, జాగ్రత్తగా సంచిలో వేసుకున్నాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. హోలీ ట్రినిటీ చర్చిలో షేక్‌స్పియర్ సమాధి దగ్గర నిలబడి ఆ పాటే తలుచుకున్నాను. బయట సమాధి రాళ్ళ మధ్య గడ్డిలో బంగారు కుర్రాళ్ళూ చిమ్నీ ఊడ్చేవాళ్ళూ కలిసే ఉన్నారు.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడు గాలి తీసేశాడు. "అత్తయ్యగారూ, ఆ కథ పుస్తకాలకెక్కింది 20వ శతాబ్దంలోనేనట. పైగా పొడుగు కర్రలకి తగిలించే ఆ గుండ్రటి కుంచె వచ్చింది 1800 తర్వాతే. షేక్‌స్పియర్ పోయింది 1616లో." మా ఆయన, "నేను అప్పుడే అనుకున్నాను" అన్నారు. ఏమీ అనుకోలేదు, ఆయన సమాధి దగ్గర కూడా స్కోను గురించే మాట్లాడారు.

కథ నిలబడకపోవచ్చు. అయినా ఆ కాగితం నేను చింపలేదు.

మే 9, శుక్రవారం. రాటెన్‌స్టాల్

మాంచెస్టర్ నుంచి ఉత్తరంగా, కొండల మధ్య పాత బట్టల మిల్లుల ఊరు. అక్కడికి వెళ్ళాలని పట్టుబట్టింది నేనే. ఈ మొక్క వేరుతో చేసే పానీయం పాత పద్ధతిలో అమ్మే దుకాణం అక్కడ ఉందని విన్నాను.

బస్సు టికెట్టు మనిషికి 3 పౌండ్లు. అప్పట్లో ఇంగ్లండులో చాలా బస్సుల్లో ఎంత దూరమైనా ఒకవైపు అంతకు మించి తీసుకునేవారు కాదు. మేడ బస్సులో పైన ముందు సీటు దొరికింది. గోడలు కట్టిన పచ్చటి గుట్టలు, గొర్రెలు, రాతి ఇళ్ళు. మా ఆయన పులిహోర డబ్బా తెరిచారు. అంత బాగుందనుకుంటే, దిగాల్సిన ఊరు ఎప్పుడో వెనక్కి పోయింది. చివరి స్టాపు బర్న్లీలో డ్రైవరు పైకొచ్చి చూసేదాకా మాకు తెలియలేదు. ఇంకో 6 పౌండ్లు. డ్రైవరు ఒక్క మాట అనలేదు, ఏ స్టాండులో నిలబడాలో వేలితో చూపించి మరీ వెళ్ళాడు. అక్కడ బస్సు దిగే ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు, పిల్లలతో సహా. దిగేటప్పుడు మనం డ్రైవరుతో అనేదల్లా "ఆపవయ్యా బాబూ" ఒక్కటే.

ఆ దుకాణం మిస్టర్ ఫిట్జ్‌ప్యాట్రిక్స్. 1890లో పెట్టారు. 'టెంపరెన్స్ బార్' అంటారు, అంటే మందు లేని బారు. ఈ లాంకషైర్ ప్రాంతంలోనే, ప్రెస్టన్‌లో, 1832లో జోసెఫ్ లివ్సీ అనే ఆయనా ఇంకొందరూ మద్యం ముట్టమని ఒట్టు రాసి సంతకాలు పెట్టారు. సారాయి వద్దన్నాక సాయంత్రం పూట నలుగురూ కూర్చోడానికి ఒక చోటు కావాలి కదా. అలా ఈ బార్లు పుట్టాయి. మనకు దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిందీ, 1995లో మద్యనిషేధం వచ్చిందీ గుర్తున్నాయి. కానీ సాయంత్రం మగవాళ్ళు ఎక్కడ కూర్చోవాలన్నది మన దగ్గర ఎవరైనా ఆలోచించారా అని నాకు అనుమానం.

లోపల చెక్క అరలు, గాజు జాడీల్లో ఎండు వేళ్ళూ బెరళ్ళూ. పాతకాలపు ఆయుర్వేదం కొట్టు వాసన. కౌంటరు దగ్గరి ఆవిడ మా ఆయన్ని "ఏం కావాలి లవ్?" అని అడిగింది. ఆయన నా వంక చూశారు. అక్కడ అందరినీ అలాగే పిలుస్తారు, మనం బాబూ అన్నట్టు. నాకు తెలుసు. అయినా రోజంతా ఆయన నడకలో కాస్త తేడా ఉంది.

రెండు గ్లాసులు చెప్పాం. బర్డాక్ అనే ఇంకో మొక్కతో కలిపి చేసే డాండెలైయన్-బర్డాక్ ఒకటి, సార్సపరిల్లా ఒకటి. మొదటిది నల్లగా, సోడా పొంగుతో వచ్చింది. తియ్యటి దగ్గు మందులో సోంపు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. సగం గ్లాసు దాకా నచ్చలేదు, సగం తర్వాత వదలబుద్ధి కాలేదు. సార్సపరిల్లా ఒక గుక్క తాగి మా ఆయన గ్లాసు కింద పెట్టి, "ఒసే, ఇది సుగంధి!" అన్నారు. పక్కవాళ్ళు తిరిగి చూశారు. నిజమే, అచ్చం బెజవాడలో ఎండాకాలం తాగే సుగంధి షర్బతు. మన సుగంధిపాలని ఇంగ్లీషు పుస్తకాల్లో ఇండియన్ సార్సపరిల్లా అనే రాస్తారు. వేరే మొక్కే, వాసన మాత్రం అక్కాచెల్లెళ్ళది.

పక్క బల్ల దగ్గర ఎనభై దాటిన ఒకాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నా కాగితం చూసి పేరు తానే చెప్పాడు. "మా అమ్మ దీన్ని ముట్టుకోనిచ్చేది కాదమ్మా. వెట్-ద-బెడ్ అనేవాళ్ళం." ముట్టుకున్న పిల్లలు రాత్రి పక్క తడుపుతారని భయపెట్టేవాళ్ళట. అందులో కొంత నిజం లేకపోలేదు, దీని ఆకు మూత్రం జారీ చేస్తుందని నాటువైద్యంలో పాత పేరు. ఫ్రెంచివాళ్ళు సింహపు పన్నుని ఇంగ్లండుకి ఇచ్చేసి, తాము మాత్రం మామూలు మాటల్లో ఈ పక్క తడిపే పేరే 'పిసాన్లీ' అని ఉంచుకున్నారు.

అంతా శ్రద్ధగా విన్న మా ఆయన, ఖాళీ గ్లాసు వంక ఒకసారి చూసి, "ఇక్కడ బాత్రూం ఎక్కడుందో కనుక్కో" అన్నారు. నేను తెలుగులోనే నవ్వాను, ఆయనకి అర్థమైపోయింది.

మే 11, ఆదివారం. ఎడిన్‌బరా

మా మరిది కొడుకు అక్కడ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాడు. స్టేషనుకొచ్చి, "పెద్దమ్మా, చలికోటు వేసుకో" అన్నాడు మొదటి మాట. ఎండ ఉంది, గాలి మాత్రం కొంగుని తల మీద నిలవనివ్వడం లేదు. బర్మింగ్‌హామ్‌లో సగం ఊడిపోయిన బంతులు ఇక్కడ ఇప్పుడే విచ్చుకుంటున్నాయి. ఉత్తరానికి వచ్చేకొద్దీ కాలం వెనక్కి జరిగినట్టుంది.

మధ్యాహ్నం శాకాహారపు హ్యాగిస్ తిన్నాం. పప్పులూ ఓట్సూ మిరియాలూ కలిపి ముద్ద చేసి, పక్కన నలగ్గొట్టిన బంగాళాదుంపా, టర్నిప్ లాంటి పసుపుపచ్చ దుంపా పెట్టిచ్చారు. నాకు నచ్చింది. మా ఆయన ఆవకాయ పొట్లం తీసి కలుపుకున్నారు. వడ్డించే కుర్రాడు అదేమిటని అడిగి, వేలి చివర రుచి చూసి, నీళ్ళ కోసం లోపలికి పరిగెత్తాడు. మళ్ళీ వచ్చి ఇంకొంచెం అడిగాడు.

సాయంత్రం మెడోస్ అనే పెద్ద పచ్చికలో కూర్చున్నప్పుడు మా మరిది కొడుకు నాకు పింజ కథ చెప్పాడు. వాళ్ళ యూనివర్సిటీవాళ్ళే 2018లో తేల్చారట. ఒక్క గింజని బంతిలోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూశాను. కింద గోధుమరంగు గింజ, ఆవగింజని సాగదీసినంత. దాని ఒంటి మీద పైకి తిరిగిన చిన్న ముళ్ళు. దానిపైన వెంట్రుకలాంటి కాడ. కాడ చివర గొడుగు. గొడుగుకి గుడ్డ లేదు, ఊచలు మాత్రమే. ఒక్కో దానికి వంద దాకా పోగులుంటాయట, మిగతాదంతా ఖాళీయే. గుడ్డ లేని గొడుగు గాలిలో ఎలా నిలుస్తుందని వాళ్ళు నిలువు గాలి గొట్టంలో పెట్టి చూస్తే, పోగుల సందుల్లోంచి పోయే గాలి గొడుగు పైన చేతి గాజులా గుండ్రంగా ఒక సుడి కడుతోందట. ఆ గాజు పింజకి తగలదు, కొంచెం ఎత్తున విడిగా తిరుగుతూ దాన్ని కింద పడనివ్వదు. చెబుతుండగానే నా చేతిలోది లేచి పోయింది.

మాకు కొద్ది దూరంలో ఒకమ్మాయి మూడేళ్ళ బాబుతో ఆడుకుంటోంది. మలయాళీ నర్సు. పింజలు ఎగిరినప్పుడల్లా బాబు "అప్పూప్పన్ తాడి! అప్పూప్పన్ తాడి!" అని అరుస్తున్నాడు. అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది. తాతగారి గడ్డం అని. కేరళలో ఇలా దూదిలా ఎగిరే గింజలన్నిటికీ అదే పేరట. ఇక్కడి మొక్కకి తన ఊరి పేరు తొడిగి పిల్లాడికి నేర్పింది. "మీరేమంటారు ఆంటీ?" అని అడిగింది.

నా నోట మాట రాలేదు. జిల్లేడు కాయ పగిలి, పట్టులాంటి పింజలు వీధంతా ఎగరడం కళ్ళకు కడుతోంది. వాటి వెంట పరిగెత్తడం గుర్తుంది. పేరు మాత్రం గుర్తు రాలేదు. "దూది... దూదిపింజ" అన్నాను. అది పేరు కాదని నాకే తెలుస్తోంది. ఊరూరా తిరిగి అందర్నీ అడిగానే, నన్నెవరైనా అడుగుతారని అనుకోలేదు.

మే 12, సోమవారం. ఎడిన్‌బరా

పొద్దున్నే ఊరి సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాం. కార్డు లేదన్నా కూర్చోనిచ్చారు. 1880ల నాటి ఇంగ్లీషు మొక్కల పేర్ల నిఘంటువు కావాలంటే, ఒకమ్మాయి తెచ్చి బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు.

అందులో నా పెద్దావిడ చెప్పిన బ్లోబాల్ ఉంది. స్కాట్లండులో 'డూన్-హెడ్-క్లాక్' అట, బూరు తల గడియారం. పువ్వు ముడుచుకుపోయి బంతి ఇంకా విచ్చుకోని మొగ్గ రూపానికి 'పంది ముట్టె'. చూసినవాళ్ళకి తెలుస్తుంది, అచ్చం అలాగే ఉంటుంది. ఇక గింజలన్నీ ఎగిరిపోయాక మిగిలే బోడి తలకి 'పూజారి కిరీటం', 'సన్యాసి తల'. వాళ్ళ సన్యాసులు నడినెత్తిన గొరిగించుకునేవారు కదా. మనవాళ్ళ చేతిలో పడితే తిరుపతి గుండు అయిపోయేది, అనుమానం లేదు.

ఒక కలుపు మొక్కకి ఇన్ని దశల్లో ఇన్ని పేర్లా అని మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత తాటి చెట్టు గుర్తొచ్చింది. ముంజె, తాటిపండు, బుర్రగుంజు, తేగ. నోటికో చేతికో పని ఉన్న చోటల్లా మనమూ పేరు పెట్టుకున్నాం. అక్కడి పిల్లలకి ఈ మొక్కతో ప్రతి దశలోనూ పని ఉండేది.

పుస్తకం తెచ్చిన అమ్మాయిది స్కాట్లండు పడమటి దీవుల్లో గేలిక్ భాష మాట్లాడే కుటుంబం. వాళ్ళ భాషలో ఈ మొక్క 'బ్యార్నన్ బ్రీజ'. బ్రైడ్ సెయింటు గారి నొక్కుల ఆకు అని. ఆవిడ పండగ ఫిబ్రవరి 1న వస్తుంది. మరి బంతినేమంటారు అంటే కాసేపు ఆలోచించి, "మా అమ్మకి ఫోన్ చేసి అడగాలి" అంది. నాకు ప్రాణం కుదుటపడింది.

తెనాలి

తిరిగొచ్చిన మర్నాడే పొన్నూరులో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. జిల్లేడు పింజల్ని మనం ఏమనేవాళ్ళం అక్కా అని.

"ఊరు కాని ఊరు పోయి వచ్చి అడగాల్సింది ఇదా?" అంది. కాసేపు చప్పుడు లేదు. కుక్కర్ ఈల వినిపించింది. "పేరేముందే... చుట్టం అనేవాళ్ళం. 'అదిగో చుట్టం, అదిగో చుట్టం' అని వెనక పడేవాళ్ళం. పట్టుకుంటే ఇంటికి చుట్టాలొస్తారని. నువ్వొకసారి ఎనిమిది పట్టుకొచ్చి గ్లాసులో దాచావు, అమ్మ తన్నింది, అంతమందికి ఎవరు వండుతారని."

గ్లాసు గుర్తొచ్చింది. ఇత్తడిది, అంచు సొట్ట. ఆ మాట మా ఊరంతా అనేదో, మా వాకిట్లో పిల్లల గుంపు వరకేనో అక్కకీ తెలియదు. ఆ జిల్లేడు చెట్టున్న చోట ఇప్పుడు వాళ్ళ ఆడపడుచు కారు షెడ్డు వేసిందట.

"సరే గానీ, అక్కడ టీ ఎంత?" అంది అక్క.

చెప్పాను.

"రెండు టీలకీ రెండు రొట్టెలకీ పదహారు వందలా! మీ ఆయన ఊరుకున్నాడా?"